హైదరాబాదా, బెంగళూరా? ఎన్నాళ్లకి?

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఆఫర్ లెటర్లు చేతికొచ్చే రోజుల్లో మొదలై, ఇల్లు కొనే వయసుకు ముదిరి, పిల్లల ఎంసెట్ ఏడాదికి మళ్లీ తలెత్తే వాదన ఒకటి తెలుగు ఇళ్లల్లో ఉంది. ఉంటే హైదరాబాద్‌లో ఉండాలా, బెంగళూరులో ఉండాలా? పాతికేళ్లుగా ఈ విషయం మీద ఇరుపక్షాలవాళ్లూ అనాల్సినవన్నీ అనేశారు. అయినా తెగలేదు. వాతావరణం, ట్రాఫిక్, బిర్యానీ, అద్దెలు, భాష అంటూ ఎవరి జాబితా వాళ్లు చదువుతారు, ఎవరి ఊరు వాళ్లకు గెలుస్తుంది.

ఇది చిక్కుపడడానికి ముఖ్య కారణం ఒకటుంది. వాదించేవాళ్లలో ఒకరు మూడేళ్ల అద్దె కాపురం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు ఇరవై ఏళ్ల గృహరుణం గురించి మాట్లాడుతుంటారు. ఆఫీసుకు గంటన్నర ప్రయాణం అద్దెకున్నవాడి బాధ. అతను ఇల్లు మారితే అది తీరిపోతుంది. కొన్న ఫ్లాటు చెరువు శిఖంలో ఉందని తెలియడం కొనుక్కున్నవాడి బాధ. అది ఎక్కడికి మారినా తీరదు. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే ముల్లు ఎటూ నిలవదు. కాబట్టి ఇక్కడ ప్రతి వాదాన్నీ అది ఎవరికి, ఎన్నాళ్లకి వర్తిస్తుందో అడుగుతూ చూద్దాం.

పోటీకి ముందు, పోటీ మొదలయ్యాక

రెండూ దక్కన్ పీఠభూమి మీది ఊళ్లే, రెండూ చెరువులు తవ్వుకుని బతికినవే. బెంగళూరు కోటకు కెంపేగౌడ 1537లో పునాది వేస్తే, కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాద్ కట్టాడు. రెండింటి పక్కనా ఆంగ్లేయుల కంటోన్మెంట్లు మూడేళ్ల తేడాలో వెలిశాయి: సికింద్రాబాద్ 1806లో, బెంగళూరు కంటోన్మెంట్ 1809లో. ఒకే ఇంజినీరు పేరు రెండుచోట్లా వినిపిస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఆ పని చూశాకే ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరుగా వెళ్లారు.

తేడా పరిశ్రమలతో వచ్చింది. బెంగళూరుకు 1909లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ దక్కింది. 1940లో విమానాల ఫ్యాక్టరీ, తర్వాత ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్ వరసగా వచ్చాయి. హైదరాబాద్‌కు ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ లాంటివి 1960లలో మొదలయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లోనూ అదే వెనుకబాటు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరు వచ్చేస్తే, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అడుగుపెట్టింది.

అసలు పోటీ అప్పుడు మొదలైంది. 1999 నుంచి 2004 దాకా ముఖ్యమంత్రులుగా ఇటు చంద్రబాబు నాయుడు, అటు కర్ణాటకలో ఎస్.ఎం. కృష్ణ ఒకరి కంపెనీలను ఒకరు లాక్కునేందుకు పోటీపడ్డారు. రెండు కొత్త విమానాశ్రయాలూ 2008లో రెండు నెలల తేడాతో తెరుచుకున్నాయి. తెలంగాణ వచ్చాక హైదరాబాద్ వేగం పెరిగింది. 2013-14లో దాదాపు 57 వేల కోట్ల రూపాయలున్న ఐటీ ఎగుమతులు 2022-23కి 2.41 లక్షల కోట్లకు చేరాయి. బెంగళూరు ఇప్పటికీ ముందే ఉంది. కాకపోతే వెనక నుంచి వచ్చే చప్పుడు దానికి ఇప్పుడు బాగా వినిపిస్తోంది.

ఉద్యోగమే ప్రధానం అనేవాళ్లు

బెంగళూరు పక్షానికి ఇది అన్నిటికన్నా బలమైన వాదం. మొదటి ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది, చూడాల్సింది రెండోదీ మూడోదీ అంటారు వీళ్లు. చిప్ డిజైన్, విమానయానం, అంతరిక్షం, స్టార్టప్‌లు అన్నీ ఒకచోట ఉన్న ఊరు దేశంలో ఇంకొకటి లేదు. ఫ్లిప్‌కార్ట్ 2007లో కోరమంగళలో మొదలైంది. అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్లు సొంతంగా కంపెనీలు పెట్టారు. ఉద్యోగం పోయినా, కంపెనీ మూతపడినా నెలరోజుల్లో అదే ఊళ్లో ఇంకొకటి చూసుకోవచ్చనే ధైర్యం జీతంలో కనిపించని లాభం.

హైదరాబాద్ పక్షం జవాబు కూడా తేలిగ్గా తీసేసేది కాదు. అమెజాన్ 2019లో గచ్చిబౌలి పక్కన తెరిచిన ప్రాంగణ భవనం ప్రపంచంలోనే ఆ కంపెనీకి అతి పెద్దది. విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకునే కేంద్రాల కోసం రెండు ఊళ్లూ పోటీపడుతున్నాయి. మందుల రంగంలోనైతే హైదరాబాద్‌దే పైచేయి. శాంతా బయోటెక్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చింది, ఆ వెంటనే జీనోమ్ వ్యాలీ మొదలైంది, కరోనా నాటి కోవాగ్జిన్ కూడా ఇక్కడిదే. భార్య ఫార్మాలో, భర్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జంటకు ఈ ఊరు నప్పినట్టు బెంగళూరు నప్పదు. ఇలాంటి జంటల లెక్క ఈ వాదనలో ఎవరూ వెయ్యరు.

ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగ వాదం ఇరవై రెండేళ్లప్పుడు ఉన్నంత బలంగా నలభై అయిదులో ఉండదు. అప్పటికి కంపెనీలు మారే ఊపు తగ్గుతుంది, అమ్మానాన్నల ఆస్పత్రి, పిల్లల కాలేజీ ముందుకొస్తాయి. అంటే ఈ వాదం బెంగళూరుకు వెళ్లమని చెబుతుందిగానీ అక్కడే ఉండిపొమ్మని చెప్పదు.

ఇల్లు, దారి, కాగితం

హైదరాబాద్ వాళ్లు గెలిచామనుకునే చోటు ఇది. చాలావరకు నిజమే, అయితే అందులో ఎంత భాగం ఇంకా మిగిలి ఉందన్నదే ప్రశ్న.

ముందు అద్దె. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టించుకోవడం చాలాకాలం ఆనవాయితీ. ఇప్పుడు ఐదారు నెలలకు దిగినా, నలభై వేల అద్దె ఇంటికి రెండు లక్షలు పైగా ముందే పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు గోడలకు సున్నం పేరుతో ఒక నెల అద్దె కోతా మామూలే. హైదరాబాద్‌లో రెండు మూడు నెలలతో పని అయిపోతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లవాడికి ఈ తేడా చిన్నది కాదు.

తర్వాత రోడ్డు. 2019లో టామ్‌టామ్ సంస్థ ప్రపంచ నగరాల ట్రాఫిక్ లెక్క తీస్తే బెంగళూరుదే మొదటి స్థానం: ఖాళీ రోడ్డు మీద పట్టే సమయానికి సగటున 71 శాతం ఎక్కువ. హైదరాబాద్‌కు 158 కిలోమీటర్ల ఎనిమిది వరసల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. బెంగళూరులో అదే పేరుతో ఉన్న రోడ్డు ఊరి నడిబొడ్డున ఇరుక్కుపోయింది. దానికి అవతల వెయ్యాల్సిన పెరిఫెరల్ రింగ్ రోడ్డు రెండు దశాబ్దాలుగా భూసేకరణ దగ్గరే ఆగింది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి గచ్చిబౌలికి అరగంట. బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలో దిగి ఎలక్ట్రానిక్స్ సిటీకి పోవాలంటే ఊరంతా దాటాలి.

ఆలస్యంగా మొదలైనందుకు హైదరాబాద్‌కు దక్కిన లాభం ఇది. పక్క ఊరు చేసిన తప్పు కళ్ల ముందే ఉంది, భూమి ఖాళీగా ఉంది. 2006 నాటి భవన నిబంధనలతో ఎత్తు మీద పరిమితి కూడా పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ సరిపోతే ఎన్ని అంతస్తులైనా వెయ్యొచ్చు. దేశంలో ఇంకే పెద్ద నగరంలోనూ ఇంత స్వేచ్ఛ లేదు. అందుకే ఇక్కడ ఫ్లాట్లు పెద్దవి, చాలాకాలం చవక కూడా. ఆ చవకకు కాలం చెల్లింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. పాత ధరలకు కొన్నవాళ్లు చెప్పే హైదరాబాద్ కథను ఇప్పుడు కొనబోయేవాళ్లు నమ్మకూడదు.

మెట్రో కథ ఇంకో రకం. బెంగళూరులో 2011లో తొలి రైలు నడిచింది, నత్తనడకనే అయినా ఆగలేదు. 2025 ఆగస్టులో ఎలక్ట్రానిక్స్ సిటీ మీదుగా పసుపు మార్గం తెరిచేసరికి 96 కిలోమీటర్లకు చేరింది. హైదరాబాద్ 2017లో మొదలుపెట్టి 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లు చకచకా వేసేసింది. ఆ తర్వాత ఐదేళ్లు ఒక్క కిలోమీటరూ పెరగలేదు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వెళ్లాల్సిన పాతబస్తీ మార్గం మొదటి దశ లెక్కలో ఉండి కూడా మిగిలిపోయింది. నిర్మించిన ఎల్ అండ్ టీ సంస్థ తప్పుకోవడానికి, ప్రభుత్వం తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో ఒప్పుకున్నారు. కారు లేకుండా బతకాలనుకునేవాళ్లు హైదరాబాద్ రోడ్లను చూసి మురిసిపోనక్కర్లేదు.

కాగితాల దగ్గర రెండు ఊళ్లూ దొందూ దొందే. బెంగళూరులో కొనేవాడు మొదట అడగాల్సింది ఏ-ఖాతానా, బీ-ఖాతానా అని. సరైన అనుమతులు, భూమార్పిడి లేకుండా పన్ను మాత్రం కడుతున్న లక్షల ఆస్తులు బీ-ఖాతా కింద ఉన్నాయి. వాటికి బ్యాంకు అప్పు పుట్టడమూ కష్టమే. హైదరాబాద్‌లో మొదట అడగాల్సింది చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు (ఎఫ్‌టీఎల్) ఎక్కడ, దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ ఎక్కడ అని. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల్లోని కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక, అనుమతి ఉన్న ఇల్లయినా భద్రమేనా అన్న అనుమానం మధ్యతరగతికి పట్టుకుంది. దానికి తోడు స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా నంబరు రాకముందే డబ్బు కట్టించుకునే ‘ప్రీలాంచ్’ వ్యాపారం. ఇందులో మునిగిన తెలుగువాళ్ల డబ్బు తక్కువేం కాదు.

నీళ్లు: అందరూ దాటేసే అధ్యాయం

వాతావరణం గురించి పేజీలు నింపేవాళ్లు నీళ్ల గురించి రెండు వాక్యాలతో సరిపెడతారు. నిజానికి కొనుక్కునేవాడు ముందు చదవాల్సింది ఇదే.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. అక్కడి చల్లదనానికి కారణం ఆ ఎత్తే, నీళ్ల కష్టానికీ ఆ ఎత్తే. కావేరి నీళ్లను సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్లు పైకి, దశలవారీగా తోడి తేవాలి. కరెంటు బిల్లు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. 2024 వేసవిలో ఊరి బోర్లు వేలల్లో ఎండిపోయాయి. కోట్లు పెట్టి కొన్న ఫ్లాట్లలో స్నానాలకు రేషన్ పెట్టారు, కారు కడిగితే జరిమానా వేశారు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ ప్రారంభమై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా వచ్చాయి. శివార్లలోని 110 గ్రామాలకు ఊరట దొరికింది. కానీ ఆ నది మీద పక్క రాష్ట్రానికీ హక్కుంది. 2018లో సుప్రీంకోర్టు బెంగళూరు తాగునీటి కోసమని కర్ణాటక వాటాను కొంత పెంచింది. వానలు తప్పిన ఏడు మళ్లీ గొడవ తప్పదు.

హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులోనే ఉంది, రెండు పెద్ద నదులకు మధ్యలో ఉంది. మంజీర 1965 నుంచి, కృష్ణా 2004 నుంచి, ఎల్లంపల్లి గోదావరి 2015 నుంచి అందుతున్నాయి. నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేకుండా ఇస్తున్నారు. దీన్ని చూసి నీళ్ల సంగతి తేలిపోయిందనుకునేవాళ్లు వేసవిలో మణికొండ, కొండాపూర్ వైపు వెళ్లి ట్యాంకర్ల వరస చూడాలి. నాగార్జునసాగర్ అడుగంటినా నీళ్లు తోడుకునేందుకు సుంకిశాల దగ్గర చేపట్టిన పనిలో 2024 ఆగస్టులో రక్షణ గోడ కూలింది. ఊరికి వందేళ్లు నీళ్లిచ్చిన జంట జలాశయాల ఎగువన 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రించిన 111 జీవో 1996 నాటిది. దాన్ని 2022లో పక్కకు తప్పించారు. విశ్వేశ్వరయ్య పేరు చెప్పుకునే ఊరు చెయ్యాల్సిన పని కాదది.

చెరువులను మింగడంలో రెండు ఊళ్లకూ తేడా లేదు. బెంగళూరులో ధర్మాంబుధి చెరువు చోట కెంపేగౌడ బస్టాండ్ ఉంది, సంపంగి చెరువు చోట కంఠీరవ స్టేడియం ఉంది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ అని స్టాపు ఉంది, ట్యాంకు లేదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2022 సెప్టెంబరులో బెంగళూరు ఐటీ పార్కుల్లో పడవలు తిరిగాయి.

మొత్తమ్మీద దీర్ఘకాలం లెక్కలో నీళ్ల విషయంలో హైదరాబాద్‌దే కాస్త పైచేయి. ఆ పైచేయి భూగోళం ఇచ్చింది. పాలకులు ఇచ్చింది కాదు.

ఎండ సంగతి ఒక్క మాటలో: హైదరాబాద్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలు, బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో 39.2 నమోదైతే అది రికార్డు. ఈ ఒక్కదానిలో పోటీ లేదు.

మనవాళ్లు, మన భాష, స్థానికత

హైదరాబాద్ అంటే సొంత ఊరు, బెంగళూరు అంటే పరాయి ఊరు అనే లెక్క తెలుగువాళ్లందరికీ ఒకటి కాదు. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లర. అనంతపురం నుంచి రెండు వందలు దాటితే చేరిపోతారు, అదే హైదరాబాద్ అయితే మూడు వందల యాభైకి పైనే. చిత్తూరు, మదనపల్లె వాళ్లకు ఆస్పత్రి, పెళ్లి బట్టలు, పై చదువు అన్నీ బెంగళూరే. 2011 జనాభా లెక్కల్లో బెంగళూరు జిల్లాలో సుమారు ఏడో వంతు మంది మాతృభాష తెలుగని రాయించుకున్నారు. విజయవాడ, నల్గొండ, వరంగల్ వాళ్లకు ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. శ్రీకాకుళం వాళ్లకు రెండూ దూరమే.

భాష దగ్గర బెంగళూరు ఈమధ్య గట్టిపడింది. బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలన్న నిబంధన చట్టమైంది. 2024 జులైలో ప్రైవేటు ఉద్యోగాల్లో స్థానికుల కోటా బిల్లును మంత్రివర్గం ఆమోదించి, కంపెనీలు గగ్గోలు పెట్టాక పక్కన పెట్టింది. బెంగళూరులో స్థిరపడదలచినవాళ్లు కన్నడం నేర్చుకోవాలనడంలో అన్యాయమేమీ లేదు. తెలుగువాడికి అది నెలల పని, లిపి కూడా సగం చేతిలో ఉన్నదే. పిల్లలు తెలుగు మర్చిపోతారన్న బెంగ మాత్రం నిజం. అయితే హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్ల పిల్లల చేత తెలుగు పత్రిక చదివించి చూసినవాళ్లకు ఈ బెంగ బెంగళూరుకే పరిమితం కాదని తెలుసు.

హైదరాబాద్‌లో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకు ఒకప్పుడు ‘సెటిలర్’ అనే మాట గుచ్చుకునేది. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసింది, మాట పదునూ తగ్గింది. దాని స్థానంలో ఇంకా గట్టి ప్రశ్న వచ్చింది: పిల్లల స్థానికత. తెలంగాణలో వైద్య సీట్లకు స్థానికుడు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు అక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆంధ్రా విద్యార్థులకు అందుబాటులో ఉన్న 15 శాతం సీట్ల వెసులుబాటు కూడా పోయింది. కర్ణాటకలో ఏడేళ్లు చదివి ఉండాలి. కాబట్టి ఏడో తరగతి పిల్లవాడున్న ఇంటికి ఊరు మారడం మూడు రాష్ట్రాల కోటాలతో ముడిపడిన నిర్ణయం. కోచింగ్ కోసం ఇంటర్‌కు విజయవాడ పంపిస్తే ఏ కోటా పోతుందో ముందే చూసుకోని తల్లిదండ్రులు చాలామందే ఉంటారు.

ర్యాంకులను ఎంత నమ్మాలి

కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన జీవన సౌలభ్య సూచీలో హైదరాబాద్ 27, బెంగళూరు 58. అదే సూచీ 2021 మార్చిలో మళ్లీ వస్తే బెంగళూరు దేశంలోనే మొదటిది, హైదరాబాద్ 24. మూడేళ్లలో బెంగళూరులో ఏం మారిందని అక్కడివాళ్లను అడిగితే నవ్వుతారు. మారింది కొలిచే పద్ధతి. రెండోసారి పౌరుల అభిప్రాయాలకు 30 శాతం మార్కులిచ్చారు, జీతాలు బాగున్నవాళ్లు బాగుందనే అని ఉండొచ్చు. అదే రోజు ప్రకటించిన మున్సిపాలిటీల పనితీరు సూచీలో బెంగళూరు కార్పొరేషన్‌ది 31వ స్థానం. మెర్సర్ సంస్థ జాబితాలో 2019 దాకా వరసగా భారత నగరాల్లో హైదరాబాద్ అగ్రస్థానంలో ఉంటూ వచ్చింది. అది కంపెనీలు పరదేశం పంపే ఉద్యోగులకు ఎంత భత్యం ఇవ్వాలో తేల్చేందుకు తయారుచేసే జాబితా. మియాపూర్‌లో టూ బెడ్‌రూమ్ వెతుక్కునేవాళ్ల కోసం తయారైంది కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఐదేళ్ల లోపు, అద్దె ఇంట్లో, ఒంటరిగానో జంటగానో ఉండేవాళ్లకు: సాఫ్ట్‌వేర్, చిప్పులు, స్టార్టప్‌లైతే బెంగళూరు, మందుల రంగమైతే హైదరాబాద్. ఇల్లు ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లలో దొరికితే బెంగళూరు మీద చెప్పే నిందల్లో సగం తగలవు.

కొనుక్కుని ఇరవై ఏళ్లు ఉండదలచినవాళ్లకు: రోడ్లు, ఫ్లాటు విస్తీర్ణం, నీళ్లు హైదరాబాద్ వైపు మొగ్గుతాయి. మెట్రో, వాతావరణం బెంగళూరు వైపు. కాగితాల పరీక్ష రెండుచోట్లా ఒకటే.

రాయలసీమలో పెద్దవాళ్లను వదిలి వచ్చినవాళ్లకు సొంతూరి దూరమే లెక్క తేల్చేస్తుంది కాబట్టి పై రెండు పేరాలూ అక్కర్లేకపోవచ్చు.

తేలనివి

ఊరిని ఎవరు నడపాలన్నది రెండుచోట్లా తేలలేదు. బెంగళూరులో 2020 సెప్టెంబరు నుంచి ఎన్నికైన కార్పొరేటర్లు లేరు. 2025 సెప్టెంబరులో నగర కార్పొరేషన్ బీబీఎంపీని రద్దుచేసి ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అదే ఏడాది చివర తెలంగాణ ప్రభుత్వం ఔటర్ దాకా ఉన్న 27 పురపాలికలను హైదరాబాద్ నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీలో కలపాలని నిర్ణయించింది. పెద్దదైపోయి నడవడం లేదని ఒకరు విడగొట్టారు, ముక్కలై నడవడం లేదని ఇంకొకరు కలిపారు. ఎవరిది సరైన దారో చెప్పడానికి కనీసం రెండు ఎన్నికలు గడవాలి.

ఉద్యోగాల లెక్కలోనూ అనుమానం ఉంది. రెండు ఊళ్లూ నిలబడింది కోడ్ రాసే, పరీక్షించే, సపోర్ట్ ఇచ్చే పనుల మీద. కృత్రిమ మేధ ఆ పనుల్నే ముందు తాకుతోంది. ఒక్క ఐటీ మీదే ఎక్కువ ఆధారపడ్డ పశ్చిమ హైదరాబాద్ ఫ్లాట్ల ధరలకు ఆ దెబ్బ ముందు తగులుతుందా, స్టార్టప్‌ల డబ్బు మీద నడిచే బెంగళూరు అద్దెలకు తగులుతుందా అన్నది ఎవరి ఊహ వాళ్లది.

ఇక జనాభా. చివరి లెక్క 2011ది: బెంగళూరు 85 లక్షలు, హైదరాబాద్ సుమారు 77 లక్షలు. తలసరి నీళ్లు, తలసరి బస్సులు, తలసరి పార్కులంటూ ఇరుపక్షాలూ చెప్పే అంకెలకు కింద ఉన్నది ఆ పాత అంకె, దాని మీద వేసిన అంచనాలు. తర్వాతి లెక్క 2027 మార్చి 1 నాటిది. అది చేతికొచ్చాక ఆ తలసరి పట్టికలన్నీ మళ్లీ రాయాలి.